పలుపుత్రాటి విడాకులు

1832వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన, ఇంగ్లండు ఉత్తరపు సరిహద్దున నున్న కార్లైల్ పట్టణములో, జోసెఫ్ థామ్సన్ అను రైతు మూడేండ్ల క్రిందట తాను చేపట్టిన యువతిని బహిరంగస్థలమున పెద్ద కుర్చీపై కూర్చుండబెట్టి, ఆమె మెడకు గడ్డితో పేనిన పలుపు తగిలించి, చుట్టును మూగిన జనసమూహము నెదుట వేలము వేసెనని ఆ యేటి విశేషములను సంపుటీకరించిన ‘యాన్యువల్ రిజిస్టర్’ ప్రకటించినది. అమ్మకమునకు ముందు అతడు గావించినట్లు చెప్పబడిన ప్రసంగము విచిత్రమైనది. ఆమె తన పాలిటి పామని మొదలుపెట్టి, పిచ్చికుక్కను, గర్జించు సింహమును, గుండు దట్టించిన పిస్తోలును, కలరా జాడ్యమును చూచి యెట్లు తొలగిపోవుదురో అట్లే చపలచిత్తయైన స్త్రీని చూచి తొలగిపొండని జనమునకు హితవు చెప్పి, అంతలో తాను వచ్చినది సరకు తెగనమ్ముటకేగాని చెడగొట్టుకొనుటకు గాదని స్ఫురించినట్లు, ఆమె ఆవులను పిదుకుననియు, వెన్న తీయుననియు, నవలలు చదువుననియు, కమ్మగా పాడుననియు, పనిమనిషిని చీవాట్లు పెట్టుటలో ఆమెకు సాటి లేదనియు, సారాయి కాచుట రాకున్నను రుచి చూచి మంచిచెడ్డలు నిర్ణయించుటలో అందెవేసిన చేయి యనియు గుణవర్ణనము సాగించెనట. 50 షిల్లింగులకు మొదలైన బేరము గంటసేపటికి 20 షిల్లింగుల రొక్కమునకును, ఒక న్యూఫౌండ్‌లాండ్ జాతి కుక్కకును కుదిరినది. ఉభయులును కలహము లేకుండ విడిపోయి, కొన్నవాడును ఆమెయు నొక త్రోవను, రైతును కుక్కయు నొక త్రోవను సాగిపోయిరి.

ఈ వృత్తాంతమును చదువునప్పుడు నవ్వు రాకమానదు. నవ్వు వచ్చుటయే ఇచ్చట చిక్కు. అంతటి అలంకారయుక్తమైన ఉపన్యాసమును మోటురైతు ఆశువుగా చెప్పెనా, పత్రికావిలేఖరి తన బల్లముందు కూర్చుండి చెక్కెనా యను అనుమానము నాకు బలముగా కలదు. భార్యావిక్రయమును గూర్చి నేడు మనకు దొరకు ఆధారములలో అధికభాగము ఇట్టి పత్రికాశకలములే. వ్రాసినవారు చదువుకొన్న మధ్యతరగతివారు. వ్రాయబడినవారు కూలీలు, గనిపనివారు, కమ్మరులు, నావికులు. 1797లో లండను ‘టైమ్స్’ పత్రిక, స్మిత్‌ఫీల్డ్ పశువులసంత ధరవరలలో ఆ వారము భార్యల సగటుధర తెలియరాలేదని పరిహాసమాడినది. సముద్రమున కావలియొడ్డున ఫ్రెంచివారు ఇట్టి పరిహాసములను వేదవాక్యములుగా గ్రహించి, ఆంగ్లేయులెల్లరును భార్యలను స్మిత్‌ఫీల్డునకు తోలుకొని పోవుదురని నమ్మి వ్యంగ్యచిత్రములు వేసిరి. పలుపు మెడను పడిన స్త్రీ యేమి తలంచుచున్నదో అడిగి వ్రాసికొన్నవారు మాత్రము బహుస్వల్పము. కావున ఈ ఆచారమును విమర్శించుటకు పూనుకొన్నవాడు మొదట నవ్వువారి కన్నులతో చూచుట మాని, పిదప నిజానిజములను వడగట్టవలసి యుండును.

ఆ వడపోత ఇరువదవ శతాబ్ది చివరి భాగమున గాని శ్రద్ధగా జరుగలేదు. 1981లో శామ్యూల్ మెనెఫీ అను పరిశోధకుడు 387 విక్రయముల వృత్తాంతములను సేకరించి గ్రంథముగా వెలువరించెను. పదేండ్ల పిమ్మట, ఆంగ్లశ్రామికవర్గ చరిత్రకారులలో అగ్రగణ్యుడైన ఇ.పి. థామ్సన్, ‘కస్టమ్స్ ఇన్ కామన్’ అను గ్రంథమున ఈ విషయమునకు ఒక పెద్ద అధ్యాయము కేటాయించి, మెనెఫీ చూపిన వానిలో కొన్ని అస్పష్టములనియు, కొన్ని రెండుమారులు లెక్కకు వచ్చినవనియు త్రోసిపుచ్చి, 300 వరకు విశ్వసనీయములని అంగీకరించి, తాను వెదకి తీసిన వానిని చేర్చి సుమారు 400 అని తేల్చెను. పత్రికల కెక్కనివి ఎన్ని యుండునో ఊహింపవలసినదేగాని, ఏ విధముగా జూచినను ఇది లక్షల సంసారములున్న దేశమున అరుదైన సంఘటనయే. అయినను ఆ అరుదైన సంఘటన, 18వ శతాబ్ది చివరినుండి 19వ శతాబ్ది మధ్యవరకు, ఎల్లరెరిగిన పద్ధతిలో, ఎల్లరెరిగిన లాంఛనములతో జరుగుచుండినది. అందుచేతనే దీనిని త్రాగుబోతుల అఘాయిత్యమని కొట్టివేయుటకు వీలులేదు.

ఆ లాంఛనములు ఇవి. భర్త భార్య మెడకో, నడుమునకో, చేతికో పలుపు కట్టి సంతకు నడిపించుకొని పోవలెను. కొన్నిచోట్ల పశువునకు చెల్లించినట్లే సంతసుంకము చెల్లించి రసీదు పుచ్చుకొనవలెను. నలుగురి యెదుట బిగ్గరగా వేలము వేయవలెను. రొక్కము చేతులు మారవలెను. పలుపుకొన అమ్మినవాని చేతినుండి కొన్నవాని చేతికి పోవలెను. పిదప ముగ్గురును పానశాలకు పోయి, వచ్చిన సొమ్ములో కొంత అచ్చటనే త్రాగి వేయవలెను. పలుపు లేకున్న అమ్మకము చెల్లదని పల్లెజనము దృఢముగా నమ్మిరి. బర్మింగ్‌హామ్‌లో 18వ శతాబ్దమున జరిగిన యొక విక్రయమున, గుర్రపుబేరములో వాడుక మాటను అట్లే దింపి, ఉన్న దోషములన్నిటితో సహా ఆమెను స్వీకరించుటకు కొన్నవాడు సమ్మతించెనని వ్రాయబడినది. ధర సామాన్యముగా కొలది షిల్లింగులు. ఒక్కొక్కప్పుడు ఒక కుండెడు బీరు. ఇంత స్వల్పమైన ధరకు కారణమేమన, పెక్కుచోట్ల బేరము ముందే కుదిరియుండెను. పలువురు పాడినను పాట ఎవరిపై ఆగవలెనో అది యెల్లరికిని తెలియును. కొనువాడు అప్పటికే ఆమె మనసు పడినవాడు, కొన్నిసారులు ఆమెతో కాపురము చేయుచున్నవాడే. నెపోలియనుతో యుద్ధములు ముగిసి సంవత్సరములకొలది దూరదేశములనున్న సైనికులును నావికులును ఇండ్లకు తిరిగివచ్చి, చచ్చినవారి క్రింద తమ్ము జమకట్టి భార్యలు మరియొకరితో సంసారము చేయుచుండుట చూచినపుడు, ముగ్గురి చిక్కును విప్పుటకు ఈ పలుపే అందుబాటులో నున్న సాధనమయ్యెను.

ఇంతకును, ఆ చిక్కును విప్పుటకు న్యాయస్థానము లేదా? ఉండెను, కాని దాని తలుపు పేదవానికి మూసియుండెను. విలియం బ్లాక్‌స్టన్ 1765లో ప్రకటింప నారంభించిన వ్యాఖ్యానములలో, వివాహముతో భార్యాభర్తలు చట్టము దృష్టిలో ఏకవ్యక్తి యగుదురనియు, ఆమె చట్టబద్ధమైన అస్తిత్వము వివాహకాలమున నిలిచిపోయి భర్త అస్తిత్వములో లీనమగుననియు నిరూపించెను. ఆమె కూలి అతనిది, ఆమె చరాస్తి అతనిది, బిడ్డలు అతనివారు. అట్టి బంధమును త్రెంచుటకు మతన్యాయస్థానము ఇయ్యగలిగినది వేరుకాపురమే. మరల పెండ్లాడు హక్కు కావలెనన్న, ఒక్కొక్క దంపతులకై పార్లమెంటు ప్రత్యేకముగా ఒక శాసనము చేయవలెను. 17వ శతాబ్ది చివరినుండి 1857 వరకు ఇట్టి శాసనములు 300 పైచిలుకు మాత్రమే వెలువడెను. వానిలో భార్య కోరి సాధించినవి నాలుగు. అందు మొదటిది 1801లో జేన్ ఆడిసన్‌కు లభించినది, అదియు ఆమె భర్త ఆమె స్వంత అక్కచెల్లెండ్రలో నొకతెతో వ్యభిచరించినందున.

ఈ దుస్థితిని న్యాయపీఠముమీదనుండియే వెక్కిరించినవాడు జస్టిస్ మాల్. 1845లో వార్విక్ న్యాయస్థానమునకు, భార్య విడిచిపోగా మరియొకతెను పెండ్లాడిన యొక కూలివానిని ద్విభార్యాత్వనేరముపై తెచ్చిరి. న్యాయమూర్తి మిక్కిలి గంభీరముగా, నీవు చేయవలసినది ఇది గాదు, మొదట మతన్యాయస్థానమున దావా వేయవలసినది, పిదప నీ భార్యను కొనిపోయినవానిపై నష్టపరిహారమునకు వేరొక దావా వేయవలసినది, ఆ రెండును గెలిచి ప్రభువుల సభకు పోయి శాసనము తెచ్చుకొనవలసినది, వీనికెల్ల నీకు వేయి పౌనులవరకు వ్యయమగును, నీకడ వేయి పెన్నీలైనను లేవందువేమో, అయినను ఈ దేశమున ధనవంతునకొక న్యాయమును దరిద్రునకొక న్యాయమును లేదు సుమా యని భావము వచ్చునట్లు చెప్పెను. ఆ మాటలు దేశమంతట ప్రతిధ్వనించినవి. పండ్రెండేండ్ల పిమ్మట వచ్చిన విడాకుల చట్టమునకు తోడ్పడిన వానిలో ఈ వ్యంగ్యోపన్యాసము నొకటిగా చరిత్రకారులు లెక్కింతురు.

కాగా భార్యకు ధర కట్టుట దరిద్రుల ఆచారమేయని తలంచిన పొరపడుదుము. జస్టిస్ మాల్ చెప్పిన రెండవ మెట్టు, అనగా నష్టపరిహారపుదావా, గొప్పయింటివారి వేలముపాట. భార్యతో వ్యభిచరించిన వానిపై భర్త దావా వేసినచో, ఆమె విలువ యెంత, ఆమెను కోల్పోవుటచేత భర్తకు కలిగిన నష్టమెంత యని జూరీవారు లెక్కగట్టి సొమ్ము ఇప్పింతురు. ఆ దావాలో భార్య వాది గాదు, ప్రతివాది గాదు. నోరు విప్పుటకు ఆమెకు చోటు లేదు. 1770లో లార్డ్ గ్రోవ్‌నర్, సాక్షాత్తు రాజుగారి తమ్ముడైన కంబర్లండు ప్రభువుపై దావా వేసి 10,000 పౌనులు గెలిచెను. 1782లో సర్ రిచర్డ్ వర్స్‌లీ అను మరియొక దొర, తన భార్యను కొనిపోయిన సైనికోద్యోగిపై 20,000 పౌనులు కోరగా, అతడే ఆ ప్రణయమునకు తోడ్పడెనని సాక్ష్యము వచ్చుటచే జూరీవారు ఒక్క షిల్లింగు ఇప్పించిరి. ఒక్క షిల్లింగనగా సంతలో పలుపు కట్టి అమ్మబడిన పేదరాలి ధర. ఇరుపక్కల విషయమొక్కటియే, ఒకచోట పలుపు కానవచ్చును, మరియొకచోట న్యాయవాదుల నల్లంగీలు కానవచ్చును. సంతలోని స్త్రీకి, కనీసము, కొనువానిని చూచి తల యడ్డముగా త్రిప్పు అవకాశము కొంత యుండెను.

ఆ అవకాశము నిజముగా నెంత యుండెననునది పండితుల మధ్య పెద్ద వివాదము. 1830లో ష్రాప్‌షైర్‌లోని వెన్‌లాక్ సంతకు భార్యను తెచ్చిన భర్త యొకడు చివరి నిమిషమున సిగ్గుపడి వెనుదీయగా, ఆమెయే తన కొంగుగుడ్డను అతని ముఖముమీద విసరి, నేను అమ్ముడుపోయి తీరవలసినదే, నాకొక మార్పు కావలెనని పట్టుబట్టెనట. రెండున్నర షిల్లింగులకు ఆమె కోరిక నెరవేరినది. ఇట్టి వృత్తాంతములను ఆధారముగా గొని చరిత్రకారుడు ఇ.పి. థామ్సన్, ఈ తంతు బయటికి మిక్కిలి అవమానకరముగా కనుపించినను లోపల ముగ్గురి సమ్మతితో జరుగు విడాకులును పునర్వివాహమును అనియు, పలుపు, సంత, సుంకము మున్నగునవి ఊరివారి సాక్ష్యమును సంపాదించుటకై కల్పించుకొన్న లాంఛనములనియు వాదించెను. ఆ వాదమునకు స్త్రీవాదచరిత్రకారులనుండి గట్టి ప్రత్యుత్తరములు వచ్చినవి. సమ్మతి యున్నను పలుపు స్త్రీ మెడకే పడుటయు, అమ్ముహక్కు పురుషునిదే యగుటయు యాదృచ్ఛికము గాదనునది వారి మాటల సారము.

ఈ వివాదములో ఇరువురును సత్యమే పలికిరనుట సులభము. కాని నాకు రెండవపక్షమే బలవత్తరముగా తోచుచున్నది. అందుకు కారణము ఎఫింగ్‌హామ్ గ్రామపు కథ. 1814-15 సంవత్సరములలో సర్రేలోని ఆ గ్రామపు బీదలసత్రమున హెన్రీ కుక్ అనువాని భార్యయు బిడ్డయు చేరవలసివచ్చినది. వారి తిండిఖర్చు గ్రామపన్నులపై పడుచున్నదని కనిపెట్టిన పేదలసంరక్షణాధికారులు, వారిని పోషించుటకన్న విక్రయించుట చౌకయని నిశ్చయించి, భర్తను ఒత్తిడి చేసి, ఆమెను క్రోయ్‌డన్ సంతకు తోలించి ఒక్క షిల్లింగునకు అమ్మించిరి. ప్రయాణపు ఖర్చును, పెండ్లివిందు ఖర్చును గ్రామనిధినుండియే చెల్లించిరి. గ్రామపు లెక్కలలో వ్యయముక్రింద పెండ్లివిందు! ఇచ్చట ఆమె ప్రియుడు లేడు, ఆమె పట్టుదల లేదు. ఉన్నది పన్ను తగ్గించుకొనదలచిన పెద్దమనుషుల గుమిగూడిక. వెన్‌లాక్ సంతలో కొంగు విసరిన స్త్రీకిని, క్రోయ్‌డన్ సంతకు తోలబడిన స్త్రీకిని ఒకే పలుపు, ఒకే తంతు. ఇష్టముతో పోవుదానిని, బలవంతమున పోవుదానిని వేరుపరచి చూపు గురుతు ఆ తంతులో ఏదియు లేదు. భర్త చేతికే తాళపుచెవి ఇచ్చిన యింట, భార్య నవ్వుచు వెలికి వచ్చినదా ఏడ్చుచు వచ్చినదా యని విచారించుట అవసరమే. కాని తాళపుచెవి సంగతి దానికన్న ముందు విచారింపదగినది.

ప్రభుత్వోద్యోగుల వైఖరి మొదట నిర్లక్ష్యము, పిదప సందేహము, చివరకు దండనము. 18వ శతాబ్దిలోనే ప్రధానన్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఇది వ్యభిచారమునకు జరుగు కుట్రయని భావించినను, గ్రామములలోని మేజిస్ట్రేట్లు చూచియు చూడనట్లు ఊరకుండిరి. 1819లో డెర్బీషైర్‌లోని ఆష్‌బోర్న్ పట్టణమున అడ్డుపడబోయిన మేజిస్ట్రేటును జనము రాళ్ళు రువ్వి తరిమివేసినది. 1837లో వెస్ట్ రైడింగ్ న్యాయస్థానము ఒక భర్తకు ఈ నేరముపై నెలదినముల కఠినశిక్ష విధించుసరికి గాలి తిరుగుచున్నదని స్పష్టమైనది. 1886లో థామస్ హార్డీ తన ‘మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్’ నవలను, మైకేల్ హెంచర్డ్ అనువాడు సంతలోని జావయంగడిలో రమ్ము కలిపిన గోధుమజావ త్రాగి మత్తెక్కి తన భార్యను ఒక నావికునకు ఐదు గినీలకు అమ్మివేయు ఘట్టముతో ఆరంభించెను. అప్పటికది పాతకాలపు వింతయైపోయినది. విమర్శకులలో కొందరు ఇట్టిది నమ్మదగినదా యని కూడ అడిగిరి. హార్డీ కల్పించిన విక్రయములో పలుపు లేదు, ముందు కుదిరిన ఒప్పందము లేదు, ఉన్నది మద్యపానోన్మాదమే. నవలకు అది యవసరము, చరిత్రకు అది అపవాదము. అయినను ఒక్క విషయమున అతని చూపు సూక్ష్మము: అమ్ముడుపోయిన సూసన్ ఆ అమ్మకము చెల్లునని నిజముగా నమ్మి, కొన్నవానికి ధర్మపత్నిగా ఏండ్ల తరబడి బ్రతుకును. పల్లెల స్త్రీలు అట్లే నమ్మియుండిరి.

ఆచారము అడుగంటుటకు దండనములకన్న చట్టముల మార్పే అధికముగా తోడ్పడినదని నా అభిప్రాయము; పాతచట్టమునకు బలిపశువై, పిదప ఆ మార్పునకు సారథియై నిలిచినది కరోలిన్ నార్టన్. ఆమె కవయిత్రి, నవలాకర్త్రి, ప్రఖ్యాతనాటకకర్త షెరిడన్ మనుమరాలు. ఆమె భర్త జార్జి నార్టన్ 1836లో సాక్షాత్తు ప్రధానమంత్రియైన లార్డ్ మెల్‌బోర్న్‌పై, తన భార్యతో వ్యభిచరించెనని ఆరోపించి 10,000 పౌనులకు దావా వేసెను. జూరీవారు తమ స్థానములనుండి లేవకుండనే ఆ దావాను కొట్టివేసిరి. నిర్దోషియని తేలినది మెల్‌బోర్న్, నష్టపోయినది ఆమె. భర్త ముగ్గురు కొడుకులను ఆమెకు దక్కనీయక దాచివేసెను. చట్టము అతని పక్షము. ఆమె కరపత్రములు వ్రాసి, పార్లమెంటు సభ్యులను వేడి, 1839లో ఏడేండ్లలోపు బిడ్డల సంరక్షణకై తల్లి న్యాయస్థానమును ఆశ్రయింపవచ్చునను చట్టమును సాధించెను. అది చేతికి వచ్చిన మూడేండ్లకు, 1842లో, ఆమె చిన్నకొడుకు గుఱ్ఱముమీదనుండి పడిన గాయముతో మరణించెను. ఆమె వ్రాసి సంపాదించిన డబ్బు సైతము చట్టరీత్యా భర్తదే. 1855లో ఆమె విక్టోరియా రాణికి బహిరంగలేఖ వ్రాసి, రాజ్యమేలు స్త్రీకి గల హక్కులను, ఆ రాజ్యములోని వివాహిత కొక్కటియు లేని హక్కులను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. స్త్రీ పురుషులు సర్వసమానులని ఆమె వాదింపలేదు; అన్యాయము నుండి రక్షణ కావలెనని మాత్రమే యడిగెను. అంత పరిమితమైన కోరికకే అంత కాలము పట్టినది.

1857 చట్టము విడాకులను మతన్యాయస్థానమునుండియు పార్లమెంటునుండియు తప్పించి సివిలు కోర్టునకు తెచ్చి, పాత నష్టపరిహారపుదావాను రద్దుచేసినది. కాని భర్తకు భార్య వ్యభిచారమొక్కటియే చాలు. భార్యకు మాత్రము భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, రెండేండ్ల పరిత్యాగమో, అట్టి మరియొక ఘోరమో తోడు కావలెను. ఈ పక్షపాతము 1923 వరకు తొలగలేదు. 1870, 1882 చట్టములతో వివాహిత తన సంపాదనకును ఆస్తికిని తానే యజమానురాలయ్యెను. ఫ్రాన్సెస్ పవర్ కాబ్ భార్యాహింసపై వ్రాసిన వ్యాసము రేపిన కలవరముతో, 1878లో హింసకు గురియైన భార్యకు వేరుకాపురమును, మనోవర్తిని మేజిస్ట్రేటు ఇప్పించు చట్టము వచ్చినది. పలుపు కట్టించుకొను తరగతి స్త్రీకి తొలిసారిగా నిజముగా అందివచ్చినది ఇదే యని చెప్పవచ్చును. 1891లో భర్త భార్యను ఇంట నిర్బంధించు హక్కు లేదని అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. ఇంత జరిగినను, 1913లో లీడ్స్ పోలీసుకోర్టులో ఒక స్త్రీ, తన భర్త తోటిపనివానికి తన్ను ఒక పౌనునకు అమ్మివేసెనని వాఙ్మూలమిచ్చినది.

ఈ కాలక్రమమును మనదేశచరిత్ర ప్రక్కన నుంచి చూచినవానికి ఒక వింత కానవచ్చును. జేమ్స్ మిల్ 1817లో ప్రకటించిన బ్రిటిష్ ఇండియా చరిత్రములో, స్త్రీల స్థితియే జాతుల నాగరికతకు కొలబద్దయని సిద్ధాంతీకరించి, ఆ కొలబద్దతో హిందువులను అధమస్థానమున కూర్చుండబెట్టెను. ఎఫింగ్‌హామ్ అధికారులు పెండ్లివిందు లెక్కలు వ్రాసి అప్పటికి మూడేండ్లు కాలేదు! మన ఇంటిలో దోషములు లేవని నేననుట లేదు. కాశీవీథిలో చంద్రమతిని అమ్మిన హరిశ్చంద్రుని సత్యసంధతకు తరతరములుగా కన్నీరు కార్చిన మనము, ఆమెను అమ్ము అధికారము అతనికెక్కడిదని అడుగుట అరుదు. ఆ ప్రశ్నను సభలో నిలిచి అడిగినది ద్రౌపది. తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యన్న ఆమె ప్రశ్నకు కురువృద్ధులు సమాధానము చెప్పలేకపోయిరి. భర్తను నారదునికి దానముచేసి, తూచి తిరిగి కొనుక్కొనవలసివచ్చిన సత్యభామ కథ మాత్రము మన పురాణములకే చెల్లిన హాస్యము; అట్టిది స్మిత్‌ఫీల్డులో జరిగినట్లు నేనెచ్చటను చదువలేదు.

పురాణముల మాట యటుంచి, మిల్ కొలబద్దకు నిజముగా చిక్కునది కన్యాశుల్కము. గురజాడ అప్పారావుగారి నాటకపు తొలికూర్పు పీఠికలో, విజయనగరము మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక తయారుచేయింపగా 1,034 తేలినవనియు, అందు ఐదేండ్ల పిల్లలు 99 మందియు, నాలుగేండ్లవారు 44 మందియు, మూడేండ్లవారు 36 మందియు, రెండేండ్లవారు ఆరుగురును, ఏడాది బిడ్డలు ముగ్గురును ఉండిరనియు కలదు. ఒక్క జిల్లాలో, ఒక్క కులమున, మూడేండ్ల లెక్క యిది. రెండు శతాబ్దముల ఇంగ్లండు విక్రయముల పట్టిక మొత్తము 400. అచ్చట అమ్మినది భర్త, అమ్ముడుపోయినది యీడు వచ్చిన స్త్రీ, పెక్కుసారులు ఆమె యిష్టమెరిగినవాడే కొన్నవాడు. ఇచ్చట అమ్మినది తండ్రి, అమ్ముడుపోయినది ఊయలలోని బిడ్డ, కొన్నవాడు కాటికి కాళ్లు చాచుకొన్న వృద్ధుడు. పలుపు లేదు, సంత లేదు. మంగళవాద్యములు, మంత్రములు, తలంబ్రాలు కలవు. ఏది యెక్కువ ఘోరమని నన్నడిగిన, ఇంగ్లండువారి పలుపు తేలికయని సంకోచము లేకుండ చెప్పుదును.

అయినను మనకు సంబంధించిన అసలు కథ ఇంకను మిగిలియున్నది. ఆంగ్లేయులు తమ ఇంట సవరించుకొనుచున్న న్యాయమును మన ఇంట పాతుచు పోయిరి. 1857లో భర్త నష్టపరిహారపుదావా ఇంగ్లండున రద్దయినది. 1860లో మనకు వచ్చిన శిక్షాస్మృతి 497వ విభాగమున, పరుని భార్యతో, ఆ భర్త సమ్మతి లేకయు, అతడు చూచియు ఊరకుండుట లేకయు, సంగమించుట నేరమయ్యెను. మెకాలే సిద్ధపరచిన తొలిచిత్తులో ఈ నేరము లేదు, పిదపవారు చేర్చిరి. ఆ వాక్యనిర్మాణమును నిదానించి చదివిన, భర్త యొప్పుకొన్నచో నేరమే లేదని తేలును. అనగా కార్లైల్‌లో ఆ రైతు చేసినది, కొన్నవానిని శిక్షింప వీలులేకుండ, మన శిక్షాస్మృతి 158 సంవత్సరములు కాపాడినది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ విభాగమును కొట్టివేయుచు, భార్య భర్త సొత్తు కాదని స్పష్టపరచినది.

దాంపత్యహక్కుల పునరుద్ధరణ మన కట్లే వచ్చిన మరియొక వారసత్వము. ఇంగ్లండు మతన్యాయస్థానములలో పుట్టిన ఈ దావా, కాపురమునకు రానొల్లని భార్యను కోర్టు ఉత్తరువుతో రప్పించుటకు ఉద్దేశింపబడినది. ఉత్తరువును ధిక్కరించినవారిని చెరలో వేయుట ఇంగ్లండున 1884లో మానివేసిరి. మూడేండ్ల పిమ్మట, 1887లో, బొంబాయి హైకోర్టు, పదకొండేండ్ల ప్రాయమున తనకు కట్టబెట్టిన భర్తకడకు పోనని నిలిచిన రఖ్మాబాయిని, అచ్చటికి పొమ్మని, కాకున్న ఆరునెలలు చెరకు పొమ్మని ఆజ్ఞాపించినది. ఆమె చెరనే కోరుకొనెను. గగ్గోలు చెలరేగిన పిదప, 1888లో, భర్త రెండువేల రూపాయలు పుచ్చుకొని తన హక్కును వదలుకొనెను. ఆమె లండనునకు పోయి వైద్యవిద్య నభ్యసించి వైద్యురాలై తిరిగివచ్చెను. ఈ రెండువేలను నేను నష్టపరిహారమని పిలువజాలను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1983లో టి. సరిత కేసున ఈ దావా స్త్రీ దేహముపై ఆమెకు గల స్వాతంత్ర్యమునకు భంగకరమని రాజ్యాంగవిరుద్ధముగా ప్రకటించెను. మరుసటి యేట సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును త్రోసిపుచ్చెను. ఇంగ్లండు పార్లమెంటు ఆ దావాను 1970లో పూర్తిగా తొలగించినది. 1955 హిందూవివాహచట్టమున 9వ విభాగముగా అది మనకు మాత్రము నేటికిని అమలులో నున్నది.